వకుళాదేవి చూపించిన మద్రాసు

తిరుపతి గోవిందరాజస్వామి ఉత్తర మాడవీధిలో ఎవరు మద్రాసు పోవాలన్నా ముందు వకుళాదేవి ఇంటి మెట్టెక్కేవాళ్లు. ఏది ముందు చూడాలి, ఏది తర్వాత చూడాలి, ట్రాము ఎక్కడ ఎక్కాలి, బేరం ఎక్కడ ఆడాలి, అన్నీ ఆమె నాలిక చివరే ఉండేవి. అట్లాగని ఆమె ఊరికే మద్రాసు పోయి వస్తుండే మనిషేం కాదు. యుద్ధానికి ముందెప్పుడో, ఇప్పుడు బొంబాయిలో ఉద్యోగం చేస్తున్న చిన్న మరిది పెళ్ళికని ఒక్కసారి పోయింది. ఆ ఒక్క ప్రయాణాన్నే ఇన్నేళ్లుగా వీధంతటికీ వడ్డిస్తూ వస్తోంది. గిన్నె ఇంకా ఖాళీ కాలేదు.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, రెండో మరిది సౌందరరాజన్ కొడుకు రామచంద్రకి మద్రాసులో తిరువల్లిక్కేణి పిల్లను నిశ్చయం చేశారు. పెళ్ళి ఆడపిల్ల వాళ్లింట్లోనే. ఇక్కడినుంచి తరలిపోయే బంధువుల్లో చాలామంది చిత్తూరు, పుత్తూరు దాటి ఎరగనివాళ్లు. వాళ్లకు పెళ్ళి ఎట్లాగూ జరిగేదే, మద్రాసు చూడ్డం మాత్రం మళ్లీ దొరకదు. అందుకని ముహూర్తం పెట్టిన రోజునుంచీ వకుళాదేవి చుట్టూ చేరారు. ఆమె పెసరపప్పు చెరుగుతూనే అందరికీ ఊరు చూపిస్తోంది.

"ఆడికి పోతానే ముందు ఏం చూడాలక్కా?" అని అడిగింది తోడికోడలు పంకజాక్షి. పెళ్ళికొడుకు తల్లి ఆమె. చిన్న మరిది పెళ్ళప్పుడు జ్వరంతో పడుండి మద్రాసు పోలేకపోయింది. చేతిలో చింతపండు, ఒళ్లో గింజలు. మనసు మాత్రం అప్పుడే రైలెక్కింది.

"బతికిన కాలేజీ. పొద్దున్నే పోవాల. ఎండెక్కితే పులి పండుకుంటాది. అప్పుడు పోతే టిక్కెట్టు కొనుక్కోని తోక చూసి రావాల్సిందే."

జంతువుల తోటని బతికిన కాలేజీ అనీ, మ్యూజియాన్ని చచ్చిన కాలేజీ అనీ మన పక్క జనం పిలుచుకునే రోజులవి. వకుళాదేవి రెంటినీ వరసలో పెట్టింది. చచ్చిన కాలేజీలో తిమింగలం ఎముకల గూడు ఉంటుంది, దాని కింద నిలబడి పైకి చూడాలి. మూర్ మార్కెట్టులో మొదటి అంగట్లో ఏదీ కొనకూడదు, ధర అడిగి నవ్వి ముందుకు పోవాలి. హైకోర్టు మీద దీపస్తంభం ఉంటుంది, దానికోసం సముద్రం ఒడ్డున వెతికి లాభంలేదు.

అరుగు మీద కూర్చున్న ప్రేమానందం ఇదంతా వింటున్నాడు. రామచంద్ర పనిచేసే బళ్లోనే అతనూ అయ్యవారు, పెళ్ళికి కూడా వస్తున్నాడు. "మా ఏసుసామి కోయిల ఏదైనా ఉంటే చెప్పు పెద్దమ్మా. ఊరికి పోయినాక మా అమ్మ అడుగుతాది" అన్నాడు.

"శాంథోము కోయిల చూడు నాయనా. తెల్లగా, ఎత్తుగా ఉంటాది. దాని వెనకమాలే సముద్రం."

సముద్రం అనేసరికి చుట్టూ ఉన్నవాళ్లు పనులాపి సర్దుకుని కూర్చున్నారు. దాన్ని ఆమె ఎప్పుడూ చివరకు ఉంచుతుంది. చాట కింద పెట్టి చెంగుతో చేతులు తుడుచుకుని మొదలుపెట్టింది.

"మధ్యాన్నం పోవద్దండి, ఇసకలో కాళ్లు కాల్తాయి. సాయంత్రం పోవాల. దూరాన్నించి చూస్తే ఆకాశమే కిందికి దిగింది అనుకుంటారు. దగ్గరికి పోతేగానీ నీళ్లని తెలీదు. అల వచ్చేచోట నిలబడండి. అది వచ్చేటప్పుడు ఏం తెలీదు. వెనక్కి పోయేటప్పుడు పాదాల కింద ఇసక ఎవరో లాక్కున్నట్టుంటాది. అప్పుడు పక్కన ఎవురుంటే వాళ్లను పట్టుకోండి."

ఆడవాళ్లు కూర్చున్నచోటే ఒకరినొకరు పట్టుకుని నవ్వారు.

ఇంత చెప్పిన వకుళాదేవి సముద్రం చూడలేదు. పులిని చూడలేదు, తిమింగలాన్ని చూడలేదు, ట్రాము ఎక్కనూ లేదు.

జరిగిందేమిటంటే, ఆ చిన్న మరిది పెళ్ళికి విడిది కూడా తిరువల్లిక్కేణిలోనే ఇచ్చారు. అత్తగారు రంగనాయకి పరాయి చేతి వంట ముట్టదు. వియ్యాలవారు ఎంత ఆచారవంతులైనా ఆమె లెక్కలో పరాయివాళ్లే. పెద్దకోడలు మడికట్టుకుని వండితేనే ఆమె విస్తరి ముందు కూర్చుంటుంది. అదే పట్టుదల ఉన్న ముసలివాళ్లు బంధువుల్లో మరికొందరు తోడయ్యారు. కొళాయిలో తోలుముక్క ఉంటుంది కనక ఆ నీళ్లు పనికిరావు, నూతినీళ్లే తోడుకోవాలి. వకుళాదేవి తెల్లవారేలోపు నూతి దగ్గర మునిగి, ఎవరూ తాకకుండా దండెం మీద ఆరేసుకున్న చీరను కట్టుకుని పొయ్యి ముందు కూర్చుంటే, మధ్యాహ్నం భోజనాలు, సాయంత్రం ఫలహారాలు, మళ్లీ గిన్నెలు, మళ్లీ నూతి. మడిలో ఉన్న మనిషి వీధి గడప దాటితే మడి ఎక్కడ నిలుస్తుంది? ఊరు చూడబోయినవాళ్లు దీపాల వేళకు తిరిగివచ్చి విస్తళ్ల ముందు కూర్చుని, ఒకరి మాట మీద ఒకరు పడి చెప్పుకునేవాళ్లు. ఆమె వంగి వడ్డిస్తూ అన్నీ వింది.

తిరుపతికి వచ్చాక పక్కింటావిడ మొదట అడిగింది, సముద్రం ఎట్లుందని. చూడలేదంటే నవ్విపోతారు. ఎందుకు చూడలేదో చెబితే అత్తగారి మీద చాడీ చెప్పినట్టవుతుంది. విన్నది చెప్పింది. బాగా చెప్పింది. ఆ బాగా చెప్పడంతోనే ఇరుక్కుపోయింది.

ఈసారి మాత్రం చూడాలి. ఈ కోరిక ఆమె ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్న మొగుడికి కూడా. పులులు వద్దు, మార్కెట్టు వద్దు, సముద్రం ఒక్కటి చూస్తే చాలు. యాభయ్యో పడి దగ్గరపడింది. ఇంట్లో పెళ్ళికావలసిన మగపిల్లలు ఇంకెవరూ లేరు. మళ్లీ మద్రాసు ఎప్పుడు, ఎవరి పేరు చెప్పి పోతుంది?

రేణిగుంటలో బండి మారి, మద్రాసులో దిగి, విడిదింటికి చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. ఇల్లు పాతదే అయినా విశాలమైంది. వెనక వసారాలో పొయ్యి, దాని పక్కన నుయ్యి. ఆడపెళ్ళివాళ్లు మర్యాదగా ఆ వసారా కడిగించి, ముగ్గు వేయించి పెట్టారు. పెద్దావిడ రంగనాయకి ఆచారం సంగతి వాళ్లకు ముందే కబురందింది. "నీకు అన్నీ వీలుగా ఉండాయి వకుళా" అని రంగనాయకి మెచ్చుకుంది. వకుళాదేవి మూటలోంచి మడిచీరలు రెండూ తీసి తడిపి కర్రతో దండెం మీదికెత్తింది.

ఆడపెళ్ళివాళ్ల మనిషి ఒకాయన నీళ్ల బిందె దించుతూ, "సముద్రం ఇక్కడికి నాలుగు వీధులేనమ్మా. ఇదిగో, ఈ గాలి దాందే" అన్నాడు. వకుళాదేవి ముఖం ఎత్తి ఆ గాలిని పీల్చింది. పోయినసారి కూడా నాలుగు వీధులే.

మర్నాడు పొద్దున్నే పంకజాక్షి పట్టుచీర కట్టుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని వసారా అంచు దాకా వచ్చి, మడికి తగలకుండా దూరంగా నిలబడింది. "బతికిన కాలేజీకి పోతా ఉండాము. నిన్నూ పిలుద్దామనుకున్నా. నువ్వు అన్నీ చూసినదానివే గదక్కా, చూసిందే ఎన్నిసార్లు చూస్తావు. అత్తకు కూడా నువ్వు ఈడుంటేనే నిమ్మళం" అంది. మాటలో మర్మమేం లేదు. ఆమె మనిషే అంత, మనసులో ఉన్నదే నోట్లో ఉంటుంది.

"పోయిరాండి. మొదట పులి దగ్గరికే పోండి" అంది వకుళాదేవి.

ఆ సాయంత్రం వాళ్లు సముద్రం కూడా చూసుకుని వచ్చారు. కాళ్లనిండా ఇసక, చీర కుచ్చెళ్ల నిండా తడి. "నువ్వు చెప్పినట్టే ఉండాది అక్కా. పాదాల కింద ఇసక పోతానే నేను మా ఆడబిడ్డను పట్టుకున్నా" అని పంకజాక్షి నవ్వుతూ నవ్వుతూ చెప్పింది. వకుళాదేవికి ఆ మాట విని సంతోషం కలిగింది, లోపల ఎక్కడో కలుక్కుమని కూడా అంది. రెండూ నిజమే. తాను దారి చెప్పినవాళ్లందరూ చేరిపోతున్నారు.

ప్రేమానందం నూతికి చాలా ఇవతలే ఆగి, ఇంకో కబురు చెప్పాడు. "శాంథోము చూసినా పెద్దమ్మా, నువ్వు చెప్పినట్టే తెల్లగా ఉండాది. బతికిన కాలేజీలో మాత్రం పులీ లేదు, సింహమూ లేదు. యుద్ధంలో బాంబులు పడి బోన్లు పగిల్తే జనం మీద పడతాయని కాల్చేసినారంట."

"అయ్యో" అంది ఆమె. ఎన్నడూ చూడని పులుల్ని, సింహాల్ని ఎంతమందికో చూపించింది. అవి పోయాయని తెలిసి ఇంటి మనుషులు పోయినంత బాధ కలిగింది. ఆ బాధ ఎవరితో చెప్పుకోవాలో తెలియక చారులో ఇంగువ వేసింది.

పెళ్ళి బాగా జరిగింది. ముహూర్తం వేళకు ఆమె కూడా వెళ్లి అక్షింతలు వేసి, వెంటనే వెనక్కి వచ్చి మళ్లీ మునిగి పొయ్యి దగ్గర చేరింది. ఆ సాయంత్రం ఆమె భర్త దేవనాథన్ వసారా పక్కకు వచ్చి కూర్చున్నాడు. దేవస్థానం కచేరీలో గుమాస్తా. నెమ్మదైన మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనడు, ఎవరు ఏమనుకుంటున్నారో కనిపెట్టనూ లేడు.

"సముద్రం దగ్గరికి పోయినారా?" అని అడిగింది ఆమె పులిహోర పులుసు కలుపుతూ.

"పోయినా. అప్పుడు చూసినట్టే ఉండాది, ఏం మారలా." కండువాతో విసురుకుంటూ, "నిజం చెప్పాలంటే నువ్వు చెప్పినంత బాగా లేదు. నువ్వు చెప్తే వినేదానికే బాగుంటాది" అన్నాడు.

ఇంకెవరన్నా అయితే ఆ మాటకు పొంగిపోయేవాళ్లు. ఆమె పులుసు ఇంకాస్త గట్టిగా తిప్పింది. ఒక్కమాట అనేస్తే అయిపోతుంది: నేను చూడలేదండీ, నన్ను తీసుకుపోండి. కానీ మెచ్చుకోలు కింద కూర్చున్న మనిషికి ఆ మాట ఎట్లా పైకి వస్తుంది? రేపు అప్పగింతలు, ఎల్లుండి సాయంత్రం రైలు. మధ్యలో నాలుగు పూటల వంట. లెక్కలో సముద్రానికి చోటు లేదు. సరేలే, గాలి పీల్చాను కదా అనుకుంది. అనుకున్నది మనసుకు ఎక్కలేదు.

ప్రయాణం రోజు తెల్లవారుతుండగా ఆమె ఎప్పటిలాగే నీళ్లు తోడుకుని మునిగింది. ఉప్పుగాలికి చీర ఆరినా ఆరనట్టే ఉంది. దాన్నే చుట్టుకుని, బియ్యం కడిగి, పొయ్యిలో పుల్లలు పేర్చింది. అప్పటికి మిగతా ఇల్లు లేవలేదు. మూర్ మార్కెట్టు మోజులో ఉన్నవాళ్లు కూడా ఇంకా దుప్పట్లలోనే ఉన్నారు.

వెనక అడుగుల చప్పుడైంది. రంగనాయకి లేచింది. రోజూ లేవగానే తిన్నగా నూతి దగ్గరికి పోయి మునిగితేగానీ ఇటు తిరిగి చూడని మనిషి, ఇవాళ నలిగిన చీరతోనే, భుజం మీద కప్పుకున్న దుప్పటితోనే వసారాలోకి వచ్చింది. వచ్చి, వంగి ఉన్న కోడలి భుజం మీద చెయ్యి వేసింది.

వకుళాదేవి ఉలిక్కిపడింది. కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో వంటవేళ ఆమెను తాకిన చెయ్యి లేదు.

"అత్తయ్యా, నేను మడిలో ఉండాను."

"తెలుసు."

"మీరింకా స్నానం చేయలా."

"అదీ తెలుసు."

పెద్దతనానికి మతి తప్పింది కాబోలని వకుళాదేవికి భయం వేసింది. చెయ్యి విదిలించుకోకుండా మెల్లగా అంది. "పోనీండి. పొయ్యింకా ముట్టించలా. ఇంకో చీర ఉండాది, మళ్లీ మునిగి కట్టుకుంటాను."

రంగనాయకి అప్పటికే దండెం దగ్గరికి నడిచింది. కర్ర వైపు కూడా చూడకుండా, ఆ రెండో చీర కొంగును పట్టుకుని జవుళి అంగట్లో బట్ట చూసినట్టు వేళ్లతో నలిపి చూసింది. "ఇదీ ఆరలా" అంది తీరిగ్గా.

ఇక మడిచీర లేదు. తడిపి ఆరేసినా మధ్యాహ్నానికిగానీ ఆరదు.

"తడిబట్టతో వండేస్తాను అత్తయ్యా."

"వండితే నేను తినను. నీకు జ్వరమొస్తే మాట నాకొస్తాది."

"మరి మీకు?"

"పాలుండాయి, అరటిపండ్లుండాయి. ఒక పూటకు చావనులే. మిగతా ముసలోళ్లకూ అవే. వాళ్లకు నేను చెప్పుకుంటాను."

వకుళాదేవికి అర్థం కాలేదు. కడిగిన బియ్యం గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడింది. రంగనాయకి నూతి గట్టు మీద కూర్చుని గొంతు తగ్గించింది.

"చిన్నోడి పెళ్ళికి ఈ ఊరికొచ్చినప్పుడు పూట పూటకూ నీ చేతి అన్నమే తిన్నా. వేడి వేడిగా తిన్నా. నువ్వు యాడికీ పోలేదని నాకు తెలీకుంటే ఇంకెవురికి తెలుస్తాదే? ఊళ్లో వాళ్లందరికీ నువ్వు సముద్రం చెప్తా ఉంటే లోపల కూచోని వింటానే ఉండా. మొన్నట్నించీ చూస్తా ఉండా, ఈసారన్నా నోరు తెరిచి అడుగుతావేమోనని. అడగవు. పో, పోయి చూసిరా."

వకుళాదేవి ముఖం సిగ్గుతో వేడెక్కింది. ఇన్నేళ్లు ఎవరికీ తెలియదనుకున్న గుట్టు ఒకరి కడుపులో భద్రంగా ఉంది. ఆ ఒకరు ఈవిడా. ఆ సిగ్గు వెనకే పట్టరాని సంతోషం వచ్చి కళ్లు తడిశాయి. గిన్నె కింద పెట్టింది.

దేవనాథన్‌ను తట్టి లేపితే కళ్లు నులుముకుంటూ, "సముద్రానికా? నువ్వు చూసిందే గదా" అన్నాడు.

"చూడలా."

"అదేంది. అప్పుడు ఆడోళ్లందరితో పోలేదా నువ్వు?"

"మీరు తిరిగొచ్చేసరికి విస్తళ్లేసి వడ్డించింది ఎవురనుకున్నారు?"

ఆయన లేచి ముఖం కడుక్కుని, కండువా భుజాన వేసుకుని బయల్దేరాడు. ఎప్పుడూ నాలుగడుగులు ముందు నడిచే మనిషి, మొదటి వీధి దాటాక ఆగి ఆమెకోసం చూశాడు. అక్కణ్ణించి పక్కపక్కనే నడిచారు. ఆయన ఏదో అనాలని రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. ఆమెకు ఆ మాట అవసరం అనిపించలేదు.

ముందు చప్పుడు వినిపించింది. తర్వాత ఇళ్లు అయిపోయాయి, రోడ్డు అయిపోయింది, ఇసక మొదలైంది. ఇసక అయిపోయిన చోట అవతల ఇక ఏమీ లేదు, సముద్రమే ఉంది. చేపలు పట్టే పల్లెకారులు కట్టుమరం తెప్పను ఒడ్డుకు లాగుతున్నారు. సూర్యుడు నీళ్లమీదికి వచ్చి ఎంతోసేపు కాలేదు.

తాను చెప్పినదాంట్లో తప్పేం లేదని ఆమె చూసింది. అల వచ్చేటప్పుడు ఏమీ తెలియలేదు. పోయేటప్పుడు పాదాల కింద ఇసక జారింది. ఆమె దేవనాథన్ మోచెయ్యి పట్టుకుంది, ఆయన కూడా తూలాడు. కానీ ఎవరూ ఆమెతో చెప్పని సంగతి ఒకటి మిగిలి ఉంది. అది ఆగదు. ఒకటి పోయిందనుకుంటే ఇంకొకటి వస్తుంది. ఒకరు కలపనక్కర్లేదు, ఒకరు దించనక్కర్లేదు, చల్లారిపోతుందన్న భయం లేదు. ఆమె చేతులు రెండూ ఊరికే ఉండిపోయాయి. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు కొంగు పట్టుకుంది, కాసేపు వదిలేసింది. ఉన్నట్టుండి నవ్వొచ్చింది. ఎందుకని దేవనాథన్ అడిగితే, "ఊరికే" అంది.

విడిదింటికి తిరిగి వచ్చేసరికి అందరూ లేచి ఉన్నారు. అక్క పొయ్యి దగ్గర లేదేమిటని పంకజాక్షి ఇల్లంతా తిరుగుతోంది. రంగనాయకి స్నానం చేసి, ఎవరూ తాకని తన పట్టుబట్ట కట్టుకుని వసారాలో పీట మీద కూర్చుని ఉంది. ముందర పాలగ్లాసు, చేతిలో సగం ఒలిచిన అరటిపండు. ముసలివాళ్లంతా పండ్లతో సరిపెట్టుకోవడానికి ఒప్పుకున్నారట. ఒప్పుకోక ఏం చేస్తారు.

వకుళాదేవి మడికి తగలకుండా దూరంగా నిలబడింది. చీర కుచ్చెళ్లు తడిసి కాళ్లకు అంటుకుంటున్నాయి.

"చూసినావా?" అంది రంగనాయకి.

"చూసినా అత్తయ్యా."

"ఎట్లుండాది? చెప్పు."

పంకజాక్షి, దేవనాథన్, పిల్లలు అందరూ అక్కడే ఉన్నారు. చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. ఆకాశం కిందికి దిగొచ్చినట్టుంటుంది, పాదాల కింద ఇసక లాగేసినట్టుంటుంది. పాత మాటలన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. అన్నీ ఎవరెవరి విస్తళ్ల దగ్గరో ఏరుకున్నవే. ఆమెవి ఒక్కటీ రాలేదు.

"చెప్పేదానికి రాలా" అంది.

"ఇన్నేళ్లు చెప్పినావు గదే."

"అప్పుడు చూడలేదు గదా. లేవండి అత్తయ్యా, మీరూ చూద్దురు. నాలుగు వీధులే. నేను తీసుకుపోతాను."

"నాకెందుకిప్పుడు. ఆ జనంలో ఎవురెవురు తగుల్తారో. పైగా మడి కట్టుకున్నా, కనపడ్లా?"

వకుళాదేవి నాలుగడుగులు దగ్గరికి వచ్చి చెయ్యి చాచి నిలబడింది. తాకలేదు. ఆ చేతినిండా ఉప్పుతడి, గాజుల సందున ఇసక.

రంగనాయకి ఆ చేతివంక చాలాసేపు చూసింది.

"బండి ఎప్పుడు?" అంది ముసలామె.

"సాయంత్రం."

రంగనాయకి అరటిపండు పాలగ్లాసు పక్కన పెట్టింది. కొంగు నడుముకు దోపుకుంది. చెయ్యి చాచి, కోడలి చేతిని అందుకుని బరువంతా దానిమీద వేసింది.

"గట్టిగా పట్టుకో. మోకాళ్లు లేయవు" అంది.